సమాధుల తోటలో అడవినాభి



ఈసారి ఒక మొక్క గురించి రాస్తున్నాము. దాన్ని చంపడానికి మందు డబ్బా పట్టుకొని వెళ్లి, చంపకుండా తిరిగి వచ్చాము. ఎందుకు వెళ్లామో, ఎందుకు తిరిగి వచ్చామో మీతో చెప్పుకోవాలి. మా సంఘంలో కొందరికి ఇప్పటికీ మా నిర్ణయం నచ్చలేదు. వారి మాటలో న్యాయం లేదని మేము అనము. కనుక రెండు పక్షాలూ ఇక్కడ పెడుతున్నాము, మీరే ఆలోచించండి.

మద్దూరు వైపు వచ్చినవారికి మా నేల తెలుసు. ఎర్ర చెల్కలు, మధ్యమధ్య నల్లరాతి గుట్టలు, గుట్టల కింద కుంటలు. మా సంఘపు సమాధుల తోట అలాంటి ఒక గుట్ట వాలులో ఉన్నది. రాళ్లు ఎక్కువ కాబట్టి దాన్ని ఎన్నడూ ఎవరూ దున్నలేదు. వానకాలం వస్తే సమాధుల మధ్య మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డిలోంచి, రేగుకంపను పట్టుకొని పైకి పాకే ఒక తీగ. ఆకు కొస సన్నగా మెలిదిరిగి, చిన్నపిల్ల వేలు పట్టుకున్నట్టు పక్క కొమ్మను పట్టుకుంటుంది. శ్రావణ భాద్రపదాల్లో పూస్తుంది. ఆరు రేకులు, అంచులు ముడతలు పడి, వెనక్కి పైకి లేచి ఉంటాయి. మొదట ఆకుపచ్చ, తర్వాత పసుపు, తర్వాత నిప్పు రంగు. దూరం నుంచి చూస్తే గడ్డిలో ఎవరో దీపం పెట్టి మరచిపోయినట్టు ఉంటుంది. పుస్తకాల్లో దీని పేరు అగ్నిశిఖ. వైద్యులు, పెద్దలు వాడే పేరు అడవినాభి.

నాభి అన్న మాటలోనే హెచ్చరిక ఉన్నది. వసనాభి అని హిమాలయాల వైపు పెరిగే మహా విషపు దుంప ఒకటున్నది. దానికి తోడుగా మన అడవిలో ఉన్నది కాబట్టి దీన్ని అడవినాభి అన్నారు. మొక్క అంతటా విషమే. గడ్డలో, గింజలో మరీ ఎక్కువ.

జరిగిన సంగతి

మొన్నటి శ్రావణంలో పెద్ద వాన పడి సమాధుల తోటలో ఒక మూల మట్టి కోసుకుపోయింది. మా సండేస్కూల్‌కు వచ్చే ఎనిమిదేండ్ల బాబుకు అక్కడ ఒక గడ్డ దొరికింది. కందగడ్డ అనుకున్నాడు. ఇంటికి తెచ్చి కాల్చుకొని తిందామని పొయ్యిలో నిప్పుల పక్కన పెట్టాడు. అంతలో వాళ్ల నాయనమ్మ చేను నుంచి వచ్చింది. రెండు పాయలుగా వంగి, నాగలి కర్రులాగా ఉన్న ఆ గడ్డను చూడగానే గుర్తుపట్టింది. నిప్పుల్లోంచి లాగి అవతల పారేసింది. బాబు చేతులు రెండుసార్లు కడిగించింది. దేవుడు కాపాడాడు. ఇంకో పావుగంట ఆలస్యమైతే మేము ఈరోజు వేరే వ్యాసం రాయవలసి వచ్చేది.

వచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. తల్లులు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని భయపడుతున్నారు. గడ్డిమందు కొట్టి ఆ తీగను వేరుతో సహా లేకుండా చేయాలని అందరూ ఒక్క మాట అన్నారు. ఆ అందరిలో మేమూ ఉన్నాము. డబ్బులిచ్చి మందు తెప్పించింది కూడా మేమే. ఈ మాట దాచుకుంటే మిగిలిందంతా వేషధారణ అవుతుంది.

సోమవారం పొద్దున్నే ఇద్దరు యవ్వనస్థులతో కలిసి పంపు, డబ్బా పట్టుకొని వెళ్లాము. మాకంటే ముందే అక్కడ ఆ నాయనమ్మ ఉన్నది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"అయ్యగారూ, మందు కొట్టనీకె వచ్చిండ్రా?"

"అవునవ్వా. మీ మనవడికే కదా ఆపద తప్పింది. మళ్లీ ఇంకో పిల్లవాడికి రాకూడదని."

"పోరనికి తెల్వక తెచ్చిండు. తెలిపితే అయిపాయె. ఇప్పుడు తెలిసింది గదా. దాన్నెందుకు సంపుతరు?"

మాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆమె పక్కనున్న సమాధి చూపించింది. అది ఆమె భర్తది. ఆయన ప్రభువునందు నిద్రించి పన్నెండేండ్లయింది. సిమెంటు పలక మీద పేరు సగం చెరిగిపోయింది. పలక పక్క నుంచి అడవినాభి తీగ లేచి, కొయ్య సిలువ మీదికి పాకి, మూడు పూలు పూసి ఉన్నది.

"పన్నెండేండ్ల సంది నేను పూలు కొని తెచ్చింది లేదయ్యగారూ. ఏడాదికొకపారి దేవుడే పెడుతుండు."

భయపడే హక్కు ఆ సంఘంలో అందరికంటే ఆమెకే ఎక్కువ. ఆమే వద్దంటున్నది. మేము డబ్బా మూత తీయకుండానే తిరిగి వచ్చాము.

విషమే మందు కూడా

ఇంటికి వచ్చి ఈ మొక్క గురించి చదవడం మొదలుపెట్టాము. చదివిన కొద్దీ సిగ్గు వేసింది. నలభై ఏండ్లు దాటినా మా కాళ్ల దగ్గర ఏముందో మాకు తెలియదు.

దీని శాస్త్రీయ నామం గ్లోరియోసా సుపర్బా. 1753లో స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్ పెట్టిన పేరు. ఆయన ఒక లూథరన్ పాస్టరు కుమారుడు. గ్లోరియోసా అంటే మహిమగలది, సుపర్బా అంటే ఠీవిగలది. ఆఫ్రికాలోని చెట్లు పలుచగా ఉన్న గడ్డి మైదానాల నుంచి మన దేశం దాకా, ఇంకా తూర్పుకు కూడా ఇది సహజంగా పెరుగుతుంది. జింబాబ్వే దేశానికి జాతీయ పుష్పం. తమిళనాడుకు రాష్ట్ర పుష్పం. అక్కడ దీన్ని కార్తిక మాసపు పువ్వు అంటారు. సంస్కృతంలో లాంగలి. లాంగలమంటే నాగలి. గడ్డ ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. మా అవ్వ నిప్పుల్లో గుర్తుపట్టింది ఆ నాగలినే.

విషం పేరు కోల్చిసిన్. 1820లో ఫ్రాన్సులో పెలెటియె, కవెంటూ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని మొదట ఇదే కుటుంబానికి చెందిన వేరొక మొక్క నుంచి వేరుచేశారు. మన శరీరంలో కణాలు ఒకటి రెండుగా విడిపోతూ ఉంటేనే పేగు పొర, రక్తం, వెంట్రుకలు కొత్తగా తయారవుతాయి. కోల్చిసిన్ ఆ విడిపోవడాన్ని ఆపేస్తుంది. అందుకే తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు మొదలై, తర్వాత ఒక్కొక్క అవయవం దెబ్బతింటుంది. బతికి బయటపడినవారికి జుట్టు ఊడిపోవడం కూడా ఉన్నది. విరుగుడు అని ఇవ్వడానికి ప్రత్యేకమైన మందు ఆసుపత్రుల్లో లేదు. ఎంత త్వరగా తీసుకెళ్తే అంత ఆశ. శ్రీలంకలో దీని గడ్డను తినే దుంప అనుకొని ఉడికించి తిని చనిపోయినవారున్నారు. కనుక మా తల్లుల భయం వట్టి భయం కాదు.

ఇప్పుడు రెండో సంగతి వినండి. కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి వచ్చే గౌట్ అనే జబ్బుకు డాక్టర్లు ఇచ్చే మాత్రల్లో ఒకటి ఈ కోల్చిసినే. మాత్రలో ఉండేది అర మిల్లీగ్రాము లేక దానికి కొంచెం అటూ ఇటూ. మోతాదు మించితే అదే విషం. తమిళనాడులో ధారాపురం, మూలనూరు, వేదారణ్యం ప్రాంతాల్లో రైతులు దీన్ని పందిళ్ల మీద పాకించి, పొద్దున్నే పువ్వు పువ్వుకూ చేతితో పుప్పొడి అంటించి, గింజలు పండించి మందుల తయారీకి అమ్ముతున్నారు. పుచ్చకాయలో గింజలు లేని రకం వచ్చింది కూడా మొదట ఈ కోల్చిసిన్‌తో మొక్క కణాలను మార్చినందువల్లనే. ఎండాకాలంలో పిల్లలు గింజలు ఉమ్మకుండా తిన్న ఆ ముక్క వెనుక ఈ విషం చేసిన మేలున్నది.

ఈ రెండు సంగతులు చదివి, ఎవరూ ఈ గడ్డతో ఇంటి వైద్యం మొదలుపెట్టవద్దు. పూర్వం కాన్పు కష్టమైతే దీన్ని నూరి పొట్టకూ పాదాలకూ పూసేవారని వైద్య గ్రంథాల్లో ఉన్నది. ఆయుర్వేదం కూడా దీన్ని ఉపవిషాల వరుసలోనే పెట్టింది. మాత్రలో ఎంత ఉన్నదో కొలిచి చెప్పగలరు. గడ్డలో ఎంత ఉన్నదో మీకూ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. మోకాళ్ల నొప్పులకని సంతలో ఎవరైనా వేర్లు, దుంపలు అమ్మితే కొనకండి. ఎవరైనా పొరపాటున తింటే పసరు తాగించడం, వేపమండలతో దిగదుడవడం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మేము ప్రార్థన చేస్తాము, అయితే ఆంబులెన్సులో కూర్చొని చేస్తాము.

కుండలో విషం

ఈ విషయం ఆలోచిస్తుండగా మాకు ఎలీషా కాలపు సంగతి గుర్తుకొచ్చింది (2 రాజులు 4:38-41). గిల్గాలులో కరువు. ప్రవక్తల శిష్యులకు వంట చేయాలి. ఒకడు పొలంలోకి కూరాకు కోసం వెళ్లి, ఒక వెర్రి తీగ చూసి, దాని గుణం తెలియక ఒడినిండా కాయలు తెచ్చి కుండలో తరిగి వేశాడు. నోట పెట్టుకోగానే కుండలో మరణమున్నదని కేకలు వేశారు. ఎలీషా పిండి తెప్పించి అందులో వేశాడు, కీడు పోయింది.

ఈ భాగం మీద మేము చాలాసార్లు ప్రసంగించాము. ఎప్పుడూ పిండి గురించే చెప్పాము. ఈసారి చదివితే వేరొకటి కనిపించింది. ఎలీషా ఆ తీగలన్నీ పీకించి కాల్చివేయమని చెప్పినట్టు అక్కడ లేదు. లేఖనం చెప్పిన లోపం ఒక్కటే. వారికి దాని గుణం తెలియదు.

మా బాబుకూ అదే జరిగింది. వాడికి తెలియదు. వాడి తల్లికి తెలియదు. వాడికి వాక్యం నేర్పే మాకు కూడా సరిగ్గా తెలియదు. తెలిసింది ఒక్క అవ్వకే. ఆమె తర్వాత ఎవరికి తెలుస్తుంది? మేము మొక్కను చంపినా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. గుట్ట అవతల ఇంకో తీగ ఉంటుంది. దాన్ని చూసే పిల్లవాడికి చెప్పేవారు ఉండరు. సొలొమోనుకు దేవుడిచ్చిన జ్ఞానంలో లెబానోను దేవదారు మొదలుకొని గోడలో మొలిచే హిస్సోపు వరకు చెట్ల సంగతి చెప్పగలగడం ఒకటని 1 రాజులు 4:33లో ఉన్నది. మొక్కల పేర్లు తెలియడం కూడా దైవజ్ఞానంలో భాగమే. మనం దాన్ని ముసలమ్మల పని అని వదిలేశాము.

ఇంకో మాట. మా మందిరం గేటు పక్కన ఎర్ర గన్నేరు ఉన్నది. మేమే నాటాము. గన్నేరు ప్రాణం తీస్తుందని ఎవరికి తెలియదు? ఊరి చుట్టూ చేల గట్ల మీద ఆముదం చెట్లున్నాయి, ఆ గింజలో ఉన్న విషం తక్కువది కాదు. ఉమ్మెత్త లేని పెంటకుప్ప ఉన్నదా? వాటిని ఎవరూ పీకమనలేదు. ఎందుకంటే అవి మనకు తెలుసు. పిల్లలకు చిన్నప్పుడే చెప్పుకున్నాము. అడవినాభి కనిపించడం తగ్గిపోయింది కాబట్టి చెప్పడం మానేశాము. చెప్పడం మానేశాము కాబట్టి అది ప్రమాదమైంది.

మా చేతిలోని డబ్బా

ఇది రాయడం కష్టం. అయినా రాస్తాము.

ఆ సోమవారం మేము పంపు పట్టుకొని నడిచిన దారిలో, ఎడమ చేతి వైపు మూడో వరుసలో ఒక యవ్వనస్థుని సమాధి ఉన్నది. కౌలు రైతు. రెండేండ్లు వరుసగా పంట పోయింది. ఒక రాత్రి పొలం మందు తాగి ప్రాణం తీసుకున్నాడు. అతన్ని సమాధుల తోటలో లోపల పెట్టాలా, గోడ అవతల పెట్టాలా అని ఆనాడు సంఘంలో మాట వచ్చింది. లోపలే పెట్టాము. అతని తీర్పు మన చేతిలో లేదని, అతని తల్లి కన్నీళ్లు మాత్రం మన ముందున్నాయని చెప్పాము.

ఆ సమాధి పక్క నుంచి మందు డబ్బా పట్టుకొని ఒక పువ్వును చంపడానికి నడిచాము. అప్పుడు తట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు తట్టింది. మా ఊర్లో మనుషుల ప్రాణాలు తీసిన విషం గుట్ట మీద లేదు. మన ఇండ్లల్లో అటక మీద, మంచం కింద, ఎరువు బస్తాల పక్కన ఉన్నది. దాన్ని ఎవరూ పెద్దల సమావేశంలో పెట్టలేదు. ఒక పిల్లవాడి చేతికి అడవినాభి దొరికిందని అందరమూ లేచాము. అదే పిల్లవాడి ఇంట్లో చేతికందే ఎత్తులో సగం వాడిన పురుగుమందు డబ్బా ఉన్నది. ఆ వారమే మేము వెళ్లి చూశాము, ఉన్నది.

కనుక విశ్వాసులకు మా మనవి. ఇంట్లో మందు డబ్బాలుంటే పెట్టెలో పెట్టి తాళం వేయండి, తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉంచండి. మీలో ఎవరికైనా బతుకు మోయలేనంత బరువైతే, రాత్రి ఏ వేళకైనా మా తలుపు కొట్టండి. మాతో చెప్పుకోలేకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్. తెలుగులో మాట్లాడతారు. సహాయం అడగడం విశ్వాసం లేకపోవడం కాదు. ఏలీయా కూడా బదరీచెట్టు కింద కూర్చొని చావు అడిగాడు. దేవుడు ముందు గద్దించలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె పెట్టించాడు.

బంజరు అని ఎవరన్నారు?

ఇప్పుడు గుట్ట సంగతి. ఈ తీగ లోకం మొత్తం మీద అరుదైనది కాదు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో మనుషులు తీసుకెళ్లి నాటితే ఇసుక దిబ్బలంతా అల్లుకొని అక్కడి మొక్కలకు అడ్డమైంది. అక్కడ దాన్ని పీకుతున్నారు, అది సరియైన పనే. కానీ దేవుడు దాన్ని పెట్టిన మన నేల మీద అది తగ్గిపోతున్నది. కారణం తెలుసుకోవడం కష్టం కాదు. గింజ నుంచి మొలిచిన మొక్క పూతకు రావడానికి మూడు నాలుగేండ్లు పడుతుంది. మందుల కోసం గడ్డ తవ్వుకుపోతే ఆ మొక్క అక్కడితో సరి. దుక్కి పడిన చోట గడ్డ నిలవదు. గడ్డిమందు ఆకు మీద పడి వేరుకు దిగుతుంది. గుట్టను రాతి కోసం పగలగొడితే ఇక చెప్పేదేమున్నది?

మా గుట్టలను, గడ్డి నేలలను రికార్డుల్లో పోరంబోకు అంటారు, బంచరాయి అంటారు, బంజరు అంటారు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసిన దేశపు బంజరు భూముల అట్లాసు 2000లో మొదటిసారి వచ్చింది. అందులో పొదలున్న ఇలాంటి నేల కూడా బంజరు లెక్కలోకే వస్తుంది. అయితే ఈ మధ్య పరిశోధకులు వేరే మాట చెబుతున్నారు. దక్కనులో గడ్డి, ముళ్లపొదలు, అక్కడొకటి ఇక్కడొకటి చెట్టు ఉన్న ఈ నేల పాడైపోయిన అడవి కాదు. ఆఫ్రికాలో సవన్నా అనే నేలకు ఇది తోబుట్టువు. మొదటి నుంచీ ఇలాగే ఉన్నది. అడవినాభి అక్కడా ఇక్కడా పూయడమే ఆ చుట్టరికానికి ఒక గుర్తు. గొర్రెల మందకు మేత, కుంటకు నీరు, తేనెటీగకు పువ్వు ఇచ్చేది ఈ నేలే. అక్కడ చెట్లు నాటితే మంచిదే అనుకుంటాము. ప్రతి గడ్డి నేలలోనూ గుంటలు తవ్వి చెట్లు నింపితే, ఎండపొడ కోరే ఈ చిన్న మొక్కలకు చోటెక్కడ?

యోబు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు యోబును అడిగిన ప్రశ్నలు చదవండి. 25 నుంచి 27 వచనాల్లో, మనుష్యులెవరూ లేని ఎడారి మీద, పాడైన బీడు మీద వర్షం కురిపించి, లేతగడ్డి మొలిపించేది ఎవరని అడుగుతున్నాడు. మనిషికి ఏ లాభమూ లేని చోట దేవుడు వాన కురిపిస్తున్నాడు. మన ఎకరం లెక్కలో ఆ వాన వృథా. దేవుని లెక్కలో కాదు.

మా మద్దూరు మండలం 2016 అక్టోబరు 10 వరకు వరంగల్ జిల్లా. మర్నాటికి సిద్దిపేట జిల్లా అయింది. బోర్డులు మారాయి, ముద్రలు మారాయి. గుట్ట మీద గడ్డకు ఏమీ తెలియదు. తన వేళకు తాను లేచి పూసింది. మన రికార్డులో బంజరు అని రాసినంత మాత్రాన దేవుని సొత్తు పనికిరానిది అయిపోదు.

వచ్చిన ప్రశ్నలు

మేము చంపవద్దన్నాక సంఘంలో మూడు ప్రశ్నలు వచ్చాయి.

మొదటిది ఒక తల్లిది. "రేపు నా బిడ్డకేమన్న అయితే మీ పువ్వు తెచ్చిస్తదా అయ్యగారూ?" ఈ ప్రశ్నకు మేము తల వంచుకున్నాము. పిల్లవాడి ప్రాణం, పువ్వు తూకంలో పెడితే పిల్లవాడి ప్రాణమే బరువు. ప్రభువు కూడా అడవి పువ్వుల కంటే మీరు ఎక్కువ కారా అనే అర్థంలోనే చెప్పాడు (మత్తయి 6:28-30). నిజంగా రెండింటిలో ఒకటే మిగిలే పరిస్థితి వస్తే మేమే గునపం తీసుకుంటాము. అయితే ఇక్కడ ఆ పరిస్థితి రాలేదు. కంచె, బోర్డు, నాలుగు మాటలు చాలు.

రెండవది ఒక సహోదరునిది. ఇది మంత్రగాళ్లు వాడే మొక్క అని విన్నాడట, సమాధుల్లో ఉండకూడదన్నాడు. మొలిపించినది ఎవరో ఆదికాండము 1:11-12లో ఉన్నది. దుష్టుడు ఒక్క గడ్డిపోచను కూడా సృజించలేదు. దేవుడు చేసినదాన్ని ఎవరో చెడ్డకు వాడితే, వాడినవాని తప్పు. మొక్కకు భయపడేవాడు తన దేవుణ్ణి చిన్నగా చూస్తున్నాడు.

మూడవది మా సాటి సేవకునిది. "ఆత్మలు నశిస్తుంటే మీరు కలుపు మొక్కల గురించి మాట్లాడుతున్నారా?" అన్నాడు. ఆయనకు విలియం కేరీని గుర్తుచేశాము. కేరీ సేవ గురించి సెమినరీలో మాకు గంటలకొద్దీ చెప్పారు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం అచ్చువేశాడని కూడా చెప్పారు. ఆయన సేరంపూరులో పెద్ద తోట పెంచాడని, మన సామర్లకోటలో తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్ రాసిన వృక్షశాస్త్ర గ్రంథాన్ని, ఆయన మరణం తర్వాత అచ్చువేయించింది కేరీయేనని ఎవరూ చెప్పలేదు. రాక్స్‌బర్గ్ ఒక జాతి మొక్కలకు కేరీ పేరే పెట్టాడు. అనేక భాషల్లో బైబిలు తెచ్చిన మనిషికి మొక్కల మీద ధ్యాస సువార్తకు అడ్డం కాలేదు. ఏదెనులో దేవుడు మనిషికి ఇచ్చిన మొదటి పని తోటను సేద్యపరచి కాయడం (ఆదికాండము 2:15). ఆ పనికి రాజీనామా ఎక్కడ ఇచ్చామో మాకు లేఖనంలో కనిపించలేదు.

చివరికి ఏం చేశాము

మందు డబ్బా దుకాణంలో తిరిగి ఇచ్చేశాము. మట్టి కోసుకుపోయిన మూలను యవ్వనస్థులు రాళ్లు పేర్చి, మన్ను నింపి సరిచేశారు. ఆ భాగం చుట్టూ రేగుకంప కంచె పెట్టారు. గేటుకు ఒక రేకు బోర్డు కట్టాము. దాని మీద పువ్వు బొమ్మ, గడ్డ బొమ్మ గీయించి, ఇది విషం, ముట్టవద్దు, తవ్వవద్దు అని పెద్ద అక్షరాలతో రాయించాము. సండేస్కూల్‌లో ఒక ఆదివారం పాఠం ఆ అవ్వే చెప్పింది. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, గురివింద, అడవినాభి, ఏది ఎందుకు ముట్టకూడదో చెప్పింది. తుమ్మికూర, పొన్నగంటి, గునుగు, ఏది తినవచ్చో కూడా చెప్పింది. మనవడు ముందు వరుసలో కూర్చొని, అడగకముందే జవాబులు చెప్పాడు. ఆ తల్లి ఇంకా మాతో ముభావంగానే ఉన్నది. ఆమె పిల్లలను సమాధుల తోటకు పంపడం లేదు. ఆమెను మేము తప్పుపట్టము.

ఒక్క మాట చెప్పి ముగిస్తాము. మాఘం నాటికి ఈ తీగ ఎండి కనిపించకుండా పోతుంది. చైత్ర వైశాఖాల్లో వచ్చి చూస్తే ఆ చోట మట్టి, రాయి, ఎండ తప్ప ఏమీ ఉండదు. కింద మట్టిలో ఒక గడ్డ ఉన్నదని చెప్పినా నమ్మలేరు. అలాంటి మట్టిలోనే మన వాళ్లను పెట్టి, మట్టికి మట్టి అని చెప్పి వస్తాము. ఈస్టరు తెల్లవారుజామున దీపాలు పట్టుకొని అక్కడ నిలబడి, విత్తబడినది ఒకటి, లేచేది ఇంకొకటి అని పౌలు కొరింథీయులకు రాసిన మాట చదువుతాము (1 కొరింథీయులకు 15:36-44). ఆ వేళకు గుట్ట ఎండి గోధుమరంగులో ఉంటుంది. ఒక్క పువ్వు ఉండదు. చదువుతున్న మాకే ఒక్కోసారి గొంతు పట్టుకుంటుంది.

తొలకరి పడుతుంది. పది దినాలకు రాళ్ల సందున పచ్చని మొన ఒకటి లేస్తుంది.

ఈ యేడు ఆ అవ్వ మమ్మల్ని పిలిచి చూపించింది. "సూడుండ్రి అయ్యగారూ, మాట తప్పలే" అన్నది. తీగ గురించి అన్నదో, భర్త గురించి అన్నదో, ప్రభువు గురించి అన్నదో మేము అడగలేదు.

యెషయా చూసిన ఆ దినం వస్తుంది (యెషయా 11:8-9). చంటిబిడ్డ నాగుపాము పుట్ట మీద ఆడుకుంటుంది, ఎవరూ హాని చేయరు. అప్పుడు మా కంచె, మా రేకు బోర్డు అక్కరలేదు. అంతవరకు పిల్లలనూ కాద్దాము, పువ్వునూ కాద్దాము. అట్టి కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.